‘మదర్ జోన్’ గురించి చూడకముందే అనేసుకునే మాటలు: అపోహలు - వాస్తవాలు

ఫిల్మ్ అప్రిసియేషన్ క్లాసులో 1961 నాటి పోలిష్ సినిమా ‘మదర్ జోన్ ఆఫ్ ది ఏంజెల్స్’ వేస్తున్నామని చెప్పగానే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి. దయ్యం పట్టిన మదర్ (కాన్వెంట్‌లో సన్యాసినుల పెద్ద), దాన్ని వదిలించడానికి వచ్చి ఆమె మీదే మనసు పడ్డ ఫాదర్. ఇంకేం, ఎవరి ఊహలు వాళ్లవి.

అపోహ: ‘అలాంటి’ సీన్లు చాలా ఉంటాయి.

వాస్తవం: ఆశతో వచ్చినవాళ్లు ఉసూరుమంటారు. అటక మీద ఉతికి ఆరేసిన తెల్లటి అంగీలు వేలాడుతుంటాయి. వాటి మధ్య నల్ల అంగీలో ఫాదర్ సూరిన్, తెల్ల అంగీలో జోన్. ఎవరి ఒంటిని వాళ్లే కొరడాతో కొట్టుకుంటారు. ఒకరినొకరు ముట్టుకోరు. అయినా చూస్తున్నవాళ్లకు తల దించుకోవాలనిపిస్తుంది. కోరికను ఇంత బట్ట కప్పి, ఇంత బాహాటంగా చూపించిన సీన్ నాకైతే మరొకటి తట్టదు. నేనిక్కడ పాజ్ నొక్కి, ఏం చెప్పకుండా కాసేపు అలాగే వదిలేస్తాను.

అపోహ: కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చిని తిట్టించడానికి తీయించింది.

వాస్తవం: పోలండ్‌లో చర్చి పెద్దలకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ దీనికి మూలమైన పోలిష్ రచయిత ఇవాష్కియెవిచ్ కథ జర్మన్ల ఆక్రమణలో ఉండగా రాసింది, కమ్యూనిస్టులు అప్పటికింకా అధికారంలోకే రాలేదు. దర్శకుడు యెజీ కవలెరోవిచ్ కూడా దీన్ని చర్చి బట్టల్లో ఉన్న ఆడమగల ప్రేమకథగానే చెప్పుకున్నాడు. పైగా సూరిన్ సలహా కోసం ఒక రబ్బీ (యూదుల మతగురువు) దగ్గరికి వెళ్తాడు. ఆ రెండు పాత్రలూ ఒకే నటుడు, మెచిస్వావ్ వోయిత్. అది దయ్యమా, మనిషి స్వభావమేనా అని రబ్బీ ఎదురు ప్రశ్న వేస్తాడు. తన ముఖమే తనను నిలదీస్తున్నట్టుంటుంది. ప్రచార సినిమా అయితే జవాబు చేతిలో పెట్టి పంపేది.

అపోహ: పోలండ్‌లో జరిగిన కథ.

వాస్తవం: అసలు గొడవ ఫ్రాన్స్‌లోని లూదాఁ అనే ఊళ్లో. కాన్వెంట్ సన్యాసినులకు దయ్యం పట్టించాడని 1634లో అక్కడ గ్రాందియే అనే ఫాదర్‌ను సజీవంగా తగలబెట్టారు. దాన్ని ఇవాష్కియెవిచ్ తన నేలకు తెచ్చుకున్నాడు.

అపోహ: బయటి దేశాలు కూడా ఛీకొట్టాయి.

వాస్తవం: అదే ఏడాది కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో స్పెషల్ జ్యూరీ ప్రైజ్ వచ్చింది. అప్పుడే అక్కడ పామ్ దోర్ అనే మొదటి బహుమతిని మరో సినిమాతో పంచుకున్న ‘విరిదియానా’ మీద వాటికన్ పత్రిక మండిపడింది. అందులోనూ సన్యాసం తీసుకోబోయే అమ్మాయే!

అపోహ: దయ్యాల సినిమా, ఒంటరిగా చూడలేం.

వాస్తవం: ఉలిక్కిపడే సౌండ్లేమీ ఉండవు. అడవిలో దారి తప్పినవాళ్ల కోసం కాన్వెంట్ గంట మోగిస్తుంటారు. చివర్లో ఆ గంట ఊగుతూనే ఉంటుంది, చప్పుడు మాత్రం రాదు. స్పీకర్ వైరు ఊడిందేమోనని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి వెళ్తారు.