ఆస్తమా, టెన్షన్, నరాలు: అపోహలు - వాస్తవాలు

"టెన్షన్ పడటం వల్లే ఆయాసం వస్తోంది డాక్టర్, అంతకుమించి ఏమీ లేదు." ఛాతీ డాక్టర్‌గా నేను తరచూ వినే మాట ఇది. ఈ మాట సాధారణంగా పేషెంట్ అనరు, పక్కన కూర్చున్నవాళ్లు అంటారు. పేషెంట్ మాత్రం తన పిరికితనమే తన జబ్బు అన్నట్టు తల దించుకుని వింటుంటారు. దీనికి తోడు ఇప్పుడు "ఆస్తమా నరాల జబ్బని సైన్స్ తేల్చేసింది, ఇన్‌హేలర్లు అక్కర్లేదు" అని ఫార్వర్డులు కూడా వస్తున్నాయి. సైన్స్ అలా తేల్చలేదు. దయచేసి అలాంటివి ఎవరికీ పంపకండి.

అపోహ: ఆస్తమా మనసులోంచి పుడుతుంది, మనసు కుదుటపడితే ఇన్‌హేలర్ మానేయొచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించి వివరంగా చెప్తాను. ఇలా అనేవాళ్లకి ఆధారాలు లేకపోలేదు. 1886లో జాన్ మెకంజీ అనే అమెరికన్ డాక్టర్, గులాబీలు పడని ఒక పేషెంట్‌కి కృత్రిమ గులాబీ చూపిస్తేనే ఆవిడకి ఇబ్బంది మొదలైంది. 1968లో 40 మంది ఆస్తమా పేషెంట్లకి వట్టి ఉప్పునీటి తుంపర పీల్పించి, అది మీకు పడని పదార్థం అని చెబితే 19 మందికి శ్వాసనాళాలు బిగుసుకున్నాయి. చూశారా, అంతా మనసే అంటారు. కానీ అదే ప్రయోగంలో ఆస్తమా లేనివాళ్లకీ అదే తుంపర ఇచ్చి అదే మాట చెప్పారు, వాళ్లకేమీ కాలేదు. ఈ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నాళాల్లో జబ్బు ముందే ఉంటేనే మాటకి గానీ, భయానికి గానీ అవి బిగుసుకునేది.

ఎందుకంటే, మెదడు నుంచి శ్వాసనాళాలకి వేగస్ నరం వెళ్తుంది. దాని కొసల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరాన్ని బిగిస్తుంది, కఫాన్ని పెంచుతుంది. ఇది మితిమీరకుండా నరం కొసలోనే ఎం2 అనే రిసెప్టర్ (రసాయన సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) ఒకటి బ్రేక్ వేస్తూ ఉంటుంది. ఆస్తమాలో వాపుతో పాటు వచ్చి చేరే ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు వదిలే ఒక ప్రొటీన్ సరిగ్గా ఆ ఎం2కే అడ్డుపడుతుంది. బ్రేక్ పోయింది కాబట్టి చల్లగాలి తగిలినా, పొగ పీల్చినా, పరీక్ష హాల్లోకి అడుగుపెట్టినా, మామూలువాళ్లు గమనించనైనా గమనించని సంకేతానికి వీళ్ల నాళాలు పట్టేస్తాయి.

రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. నాళాల్లోని స్పర్శ నరాలు రెచ్చిపోతే సబ్‌స్టెన్స్ పి లాంటి పదార్థాలు వదులుతాయి, వాటివల్ల రక్తనాళాల్లోంచి నీరు ఊరి వాపు పెరుగుతుంది. 2015లో ఎలుకల్లో చూపించింది ఇంకా ఆశ్చర్యం: ఎలర్జీ వాపులో పుట్టే ఐఎల్-5 అనే సంకేత ప్రొటీన్ నరాలని రెచ్చగొడుతుంది, ఆ నరాలు వదిలే విఐపి అనే పదార్థం వల్ల రోగనిరోధక కణాలు ఇంకా ఎక్కువ ఐఎల్-5 తయారుచేస్తాయి. అంటే వాపు నరాన్ని, నరం వాపుని ఎగదోసుకుంటూ పోతాయి. మనుషుల్లో చూస్తే, స్వల్ప ఆస్తమా ఉన్న కాలేజీ విద్యార్థులకి పడని పదార్థం పీల్పించినప్పుడు, మామూలు రోజులకంటే పరీక్షల సమయంలో కఫంలో ఇసినోఫిల్స్ ఎక్కువగా కనిపించాయని 2002లో రాశారు. కాబట్టి టెన్షన్ ప్రభావం నిజమే, కానీ అది పనిచేసేది ఈ వాపు మీదే. ఆ వాపుని తగ్గించేది, క్రమం తప్పకుండా వాడే కంట్రోలర్ ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్.

డిగ్రీ చదివే ఒకమ్మాయిని పరీక్షల మధ్యలో తీసుకొచ్చారు. వాళ్లమ్మ వెన్ను నిమురుతూ "ఏం కాదమ్మా, భయపడకు" అంటూనే ఉంది. భయం తగ్గుతుందని అంతకుముందు రాత్రి నిద్రమాత్ర కూడా వేశారట. ఆ అమ్మాయి ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతోంది, మెడ దగ్గర కండరాలు లోపలికి లాగుతున్నాయి, స్టెతస్కోప్ పెడితే రెండువైపులా పిల్లికూతలు. గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఊదిస్తే ముల్లు 180 దగ్గర ఆగింది, నెబులైజర్ పెట్టాక 290కి వచ్చింది. వాళ్లమ్మకి ఆ రెండు అంకెలూ చూపించాను. వట్టి భయమే అయితే మందుకి అంకె అంత మారదు. ఆ అమ్మాయి మాత్రం నన్నొకటే అడిగింది, "అంటే నేను నటించట్లేదు కదా?" అని. ఆ ప్రశ్న అడగాల్సిన పరిస్థితి ఏ పేషెంట్‌కీ రాకూడదు.

ఇంకొక మాట, ఆయాసం ఎక్కువై ఉన్నప్పుడు నిద్రమాత్రలు, మత్తు మందులు ఇవ్వకండి. అవి శ్వాసని ఇంకా మందగింపజేస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

నరాల బలహీనత అని బలం ఇంజెక్షన్లు అడుగుతారు. ఆస్తమాలో నరాలు బలహీనంగా లేవు, అతిగా స్పందిస్తున్నాయి, ఆ ఇంజెక్షన్లు దీనికి పనికిరావు.

తెల్లవారుజామున ఆయాసం వచ్చేది పీడకలల వల్ల కాదు. రాత్రిపూట వేగస్ ప్రభావం పెరుగుతుంది, ఒంట్లో కార్టిసాల్ తగ్గుతుంది. తరచూ అలా లేస్తుంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం, డాక్టర్‌కి చెప్పండి.

నరాల మీద పనిచేసే మందులే వాడొచ్చు కదా అంటారు. ఉన్నాయి. ఇప్రాట్రోపియం, టయోట్రోపియం ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేవే. కానీ వాటిని స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కి తోడుగా ఇస్తాం, బదులుగా కాదు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ రిలీవర్ ఒక్కదాని మీదే నెట్టుకురావడం కూడా అంతే, అది కండరాన్ని వదులు చేస్తుంది గానీ వాపు అలాగే ఉంటుంది. పెద్దలకీ, టీనేజ్ పిల్లలకీ రిలీవర్ ఒక్కటే ఇచ్చే పద్ధతి వద్దని జినా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి.

శ్వాస వ్యాయామాలు, ధ్యానం చేసుకోండి, చాలామందికి హాయిగా ఉంటుంది. ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

చివరిగా, ఆందోళనతో గుండె దడ అని వెళ్తే ప్రొప్రనలాల్ రాసే అవకాశం ఉంది. అది శ్వాసనాళాలని వదులుగా ఉంచే బీటా రిసెప్టర్లనీ మూసేస్తుంది, దాంతో ఆస్తమా ఉన్నవాళ్లకి తీవ్రమైన ఆయాసం రావచ్చు, అప్పుడు రిలీవర్ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. గ్లకోమాకి వేసే టిమలాల్ కంటిచుక్కలతోనూ ఇదే ప్రమాదం. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, కంటి డాక్టర్ అయినా సరే, ఆస్తమా ఉందని ముందే చెప్పండి.