సంతకం పెట్టేశారుగా, ఇంకేం కావాలి?

పోయిన వారం సభలోనూ అదే ప్రశ్న. "మా ప్రెసిడెంట్ ఎప్పుడో ఆ చార్టర్ మీద సంతకం పెట్టాడు కదా, మళ్లీ ఈ మీటింగులెందుకు?" అడిగింది రిటైరైన ఓ బడిపంతులు. సంతకం ఫొటోను పేపర్లోంచి కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో దాచుకున్నారు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ప్రజాస్వామ్యం, ఎన్నికలు, పాలనపై ఆఫ్రికా చార్టర్ (ఆఫ్రికా దేశాల ఉమ్మడి ఒప్పందం) గురించి తూర్పు ఆఫ్రికా ఊళ్లలో జనంతో మాట్లాడటమే నా పని. ఇక్కడ కొంప ముంచుతున్న అపోహ ఇదే, సంతకమైతే పనైపోయినట్టేనని. కాలేదండీ! అగ్రిమెంటు రాసుకుని అడ్వాన్స్ ఇచ్చినంత మాత్రాన ఇల్లు మన పేరు మీదికి వస్తుందా, రిజిస్ట్రేషన్ కావద్దూ? సంతకం తర్వాత దేశం రాటిఫై చెయ్యాలి, అంటే లాంఛనంగా ఆమోదించాలి, ఆ పత్రం అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్‌కు చేరాలి, అప్పుడే కట్టుబడినట్టు. 2007 జనవరిలో ఆమోదించిన చార్టర్ 2012 ఫిబ్రవరిలో గానీ అమల్లోకి రాలేదు, అమలుకు కావాల్సిన 15 దేశాల పత్రాలు చేరడానికే ఐదేళ్లు పట్టింది మరి. ఫొటో చూసి జనం అడగడం మానేస్తే ఫైలు ఉన్నచోటే ఉంటుంది. నేనేమీ తక్కువ తినలేదు లెండి, మొదటి ఏడాది సంతకం పెట్టిన దేశాలన్నిటికీ మ్యాప్‌లో ఆకుపచ్చ రంగేసి కరపత్రాలు అచ్చేయించి, తర్వాత ఒక్కోదాని మీద స్టిక్కర్ అంటిస్తూ కూర్చున్నాను.

సైనిక కుట్రలను ఆపడానికే ఈ చార్టర్ అంటారు. 23వ ఆర్టికల్ చదవండి, ఓడినా కుర్చీ దిగకపోవడం, అధికారం చేతులు మారకుండా రాజ్యాంగాన్ని సవరించుకోవడం కూడా అందులో తప్పులుగానే ఉన్నాయి. కొందరు నాయకులకు గొంతులో వెలక్కాయ అదే. కుట్రదారులు ఎన్నికల్లో నిలబడకూడదనీ చార్టర్‌లో ఉంది, అయినా గాబన్‌లో 2023 కుట్ర చేసిన జనరలే 2025లో పోటీ చేసి గెలిచాడు.

ఇక వాట్సాప్ పుకారు: చార్టర్ ఒప్పుకుంటే సరిహద్దులు మూస్తారు, కరెంటు తీసేస్తారు. 2023లో సైనిక కుట్ర తర్వాత నైజర్‌కు సరిహద్దులు మూసింది పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్, కరెంటు ఆపింది నైజీరియా. ఆఫ్రికన్ యూనియన్ చేసింది సభ్యత్వం సస్పెండ్ చెయ్యడం. ఈ పుకారు ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది గానీ, మొక్కజొన్న పిండి ధర పెరుగుతుందా బాబూ అని అడిగిన ఉల్లిపాయలావిడ మీద కోపం రాదు, ఆవిడ టెన్షన్ ఆవిడది.

మామూలు జనానికి దీంతో ఏం పని అనేవాళ్లకు ఐవరీకోస్ట్ సంగతి చెప్తాను. ఎన్నికల కమిషన్‌లో ప్రభుత్వం వైపు వాళ్లే ఎక్కువున్నారని ఒక పౌర సంఘం టాంజానియాలోని అరూషాలో ఉన్న ఆఫ్రికా కోర్టుకెక్కింది. 2016లో గెలిచింది, చట్టం మార్చమని కోర్టు చెప్పింది. అయితే ఇలా కోర్టుకెక్కాలంటే దేశం చార్టర్‌ను రాటిఫై చేసి ఉండాలి, పౌరులు నేరుగా కోర్టుకు రావచ్చని విడిగా రాసిచ్చి ఉండాలి. ఐవరీకోస్ట్ ఆ రాసిచ్చినదాన్ని 2020లో వెనక్కి తీసుకుంది కూడా.

పంతులుగారు అంతా విని, అరూషాకు బస్సు టికెట్ ఎంత అని అడిగారు. ముందు మీ ఎంపీ ఆఫీసుకు వెళ్లండి మాస్టారూ, అది నడిచే దూరమే అన్నాను.