ఫిబ్రవరి 2న తమాలెస్ బాకీ

చిరంజీవులకు ఆశీస్సులు.

మెక్సికో వంట అనగానే మీకు టాకోలు గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది తమాలెస్ గురించి, అంటే మొక్కజొన్న పొత్తు పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించే పిండివంట. అక్కడ దీనికంటూ ఒక రోజుంది, ఫిబ్రవరి 2, కాందెలారియా పండగ. క్రిస్మస్‌కి నలభయ్యో రోజు. ఆ రోజు ఇంట్లోని బాలయేసు బొమ్మకు కొత్త బట్టలు తొడిగి, దీవెనకు చర్చికి తీసుకెళ్తారు. ఆ బుల్లి బట్టలు అమ్మే కొట్లు మెక్సికో నగరంలో లా మెర్సెద్ అనే పెద్ద సంత దగ్గర తలవేరా వీధి నిండా ఉంటాయి.

మరి తమాలెస్ ఎవరు పెట్టాలి? అది జనవరి 6నే తేలిపోతుంది. ఆ రోజు రోస్కా అనే చక్రంలాంటి తియ్యని రొట్టె కోస్తారు. దాని లోపల చిన్న చిన్న బొమ్మలు దాచి ఉంటాయి. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లే ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి. ఖర్చు తప్పించుకోవడానికి బొమ్మను గుటుక్కున మింగేస్తారని అక్కడ జోకు.

ఇక వంట. కిటుకంతా సున్నంలో ఉంది. ఎండిన మొక్కజొన్నను నేరుగా పిండి పట్టిస్తే ముద్ద అతకదు, విరిగిపోతుంది. సున్నపు నీళ్లలో ఉడికిస్తే గింజ మీది పొట్టు కరిగి ఊడుతుంది, పిండికి జిగురొస్తుంది. ఇలా చేసిన గింజల్ని నిష్తమాల్ అంటారు. ఇంకో మేలు కూడా ఉంది. మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్ మామూలుగా ఒంటికి పట్టదు. సున్నం దాన్ని విడిపిస్తుంది. ఐరోపావాళ్లు మొక్కజొన్నను పట్టుకెళ్లారు గానీ ఈ పద్ధతిని అక్కడే వదిలేశారు. దాదాపు అదొక్కటే తిని బతికిన పేదలకు చర్మం పగిలే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. 1735లో గాస్పర్ కసాల్ అనే స్పెయిన్ వైద్యుడు దాని లక్షణాలు రాసిపెట్టాడు. మన దక్కన్‌లో జొన్నల మీదే బతికిన పేదల్లోనూ ఈ జబ్బు కనబడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దాని మీద పరిశోధన చేసింది.

అర కిలో ఎండు గింజలకు లీటరున్నర నీళ్లు, 5 గ్రాముల తినే సున్నం పొడి. తాంబూలానికి వాడే తడి సున్నమైతే అందులో నీళ్లుంటాయి కనుక 10 గ్రాముల దాకా పడుతుంది. గోడలకు వేసే సున్నం మాత్రం వద్దు. గిన్నె స్టీలుది కావాలి. అల్యూమినియం సున్నానికి నల్లబడుతుంది. సన్న సెగ మీద ముప్పావు గంట ఉడికించాక ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలపండి. పొట్టు జారి వచ్చేస్తే దింపేసి, రాత్రంతా ఆ నీళ్లలోనే నాననివ్వండి. పొట్టు రాకపోతే ఇంకాసేపు ఉడకాలి. సున్నం మరీ ఎక్కువైతే పిండి పసుప్పచ్చగా, ఘాటు వాసనతో ఉంటుంది. పొద్దున నలుపుతూ రెండు మూడు నీళ్లతో కడిగి, కాస్త బరకగా రుబ్బుకోవాలి. దాదాపు కిలో ముద్ద వస్తుంది. మరుగుతున్న సున్నపు నీళ్ల గిన్నె దింపే పని మాత్రం పెద్దవాళ్లది.

కిలో ముద్దకు పావు కిలో పైచిలుకు పంది కొవ్వు అక్కడి లెక్క. వద్దనుకుంటే డాల్డా వేయొచ్చు, రుచి మాత్రం తగ్గుతుంది. కొవ్వును ముందు విడిగా తెల్లగా, తేలిగ్గా అయ్యేదాకా గిలక్కొట్టండి. తర్వాత ముద్ద కొంచెం కొంచెంగా, చెంచాన్నర ఉప్పు, చెంచా బేకింగ్ పౌడర్, కప్పు కోడి చారు కలపండి. మన గారెల పిండికి చేసినట్టే చిన్న ఉండ నీళ్లలో వేసి చూడండి. తేలిందా, సరే. మునిగితే ఇంకా గాలి పట్టలేదని అర్థం, మళ్లీ గిలక్కొట్టాల్సిందే. అక్కడ బద్ధకిస్తే తమాల్ రాయిలా వస్తుంది.

మొక్కజొన్న పొత్తుల ఎండు పొట్టాకులను వేడినీళ్లలో గంట నానబెట్టి, నున్నటి వైపు మూడు చెంచాల పిండి పరిచి, మధ్యలో చెంచాడు కూర పెట్టాలి. పచ్చిమిరప సల్సాలో, అంటే పల్చటి కారపు పచ్చడిలో ఉడికిన కోడిమాంసం గానీ, మిరప చీలికలు, చీజ్ గానీ. మడిచి, సన్నటి కొస వెనక్కి తిప్పండి. దక్షిణ మెక్సికోలో వహాకా, యుకతాన్ వైపు అరటాకులో చుడతారు. దాన్ని ముందు సెగ మీద వాడ్చకపోతే చిరిగిపోతుంది.

పాత్రలో చిల్లుల పళ్లెం కింద నీళ్లు పోసి ఒక నాణెం వేస్తారు. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది టకటకలాడుతుంది. చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోయినట్టే. అప్పుడు వేడినీళ్లే పోయాలి, అవీ పక్కనుంచి. తమాల్‌లను తెరిచిన వైపు పైకి ఉండేలా నిలబెట్టి, పైన పొట్టాకులు, గుడ్డ కప్పి గంటా గంటన్నర ఉడికించాలి. ఆకు అంటుకోకుండా శుభ్రంగా విడివస్తే ఉడికినట్టు. దించాక పావుగంట ఆగండి, వెంటనే విప్పితే మెత్తగా పచ్చిగా అనిపిస్తుంది. వంటింట్లో ఎవరైనా కోపంగా ఉంటే తమాలెస్ ఉడకవని అక్కడి నమ్మకం. అందుకే పాత్ర చెవులకు పొట్టాకు పీలికలు కడతారు. నాకైతే మూత సరిగ్గా పెట్టలేదేమో అని ముందు చూడాలనిపిస్తుంది.

తోడుగా అతోలే తాగుతారు. 100 గ్రాముల ముద్దను లీటరు చల్లనీళ్లలో కలిపి వడకట్టి, దాల్చినచెక్క, బెల్లం వేసి సన్న సెగ మీద చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి. గరిటె ఆపారో, అడుగంటి ఉండ కడుతుంది.

మీ అమ్మమ్మ