అమ్మానాన్నల ఆఖరి రోజులు: విశ్వాసుల ఇళ్లలో నేను వినే అపోహలు, చూసిన వాస్తవాలు

నేను నర్సుని. చిత్తూరు చుట్టుపక్కల, తిరుపతిలో, మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకునే పని పందొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. జబ్బు ఇక నయం కాదని డాక్టర్లు ఇంటికి పంపిన వాళ్లే ఎక్కువ. వాళ్ల నొప్పి, ఆయాసం, పుండ్లు, నిద్ర, ఇంట్లో వాళ్ల భయం, ఇవన్నీ కలిపి చూసుకోవడాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. ఆస్పత్రిలోనూ నన్ను సిస్టర్ అంటారు, చర్చిలోనూ సిస్టర్ అంటారు. అందుకేనేమో, క్రైస్తవ కుటుంబాల వాళ్లు వేరే నర్సుని అడగడానికి మొహమాటపడేవన్నీ నన్ను అడుగుతారు. మూడేళ్ల కిందట మా నాయన పోయాక ఆ ప్రశ్నల బరువు నాకూ తెలిసొచ్చింది.

అపోహ: "అమ్మ ఇక బతకదు" అని నోటితో అంటే విశ్వాసం లేనట్టే

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. మిట్టూరులో ఒక ఇంట్లో ముగ్గురు కొడుకులు. తల్లికి క్యాన్సర్ కాలేయానికి పాకింది. గది గోడల నిండా వాగ్దాన వచనాలు అతికించారు. గుమ్మం దగ్గరే నన్ను ఆపి, "సిస్టర్, లోపల ఆ మాట మాత్రం ఎత్తొద్దండి. మేం స్వస్థత కోసం కనిపెట్టుకుని ఉన్నాం" అన్నారు. సరేనని లోపలికి పోయి ఆమెకు ఒళ్లు తుడుస్తుంటే, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "పిల్లోళ్లకు తెలీదు పాపా, నేను ఎక్కువ రోజులుండను. వాళ్లతో చెప్పబాక, తట్టుకోలేరు" అనింది. గోడకు ఆ పక్క వాళ్లు, ఈ పక్క ఈమె. ఒకరి కోసం ఒకరు దాచుకుని ఎవరికి వాళ్లు ఏడుస్తున్నారు.

బైబిల్లో ఈ దాపరికం ఎక్కడుంది? యాకోబు తన చావు దగ్గరపడిందని తెలిసి కొడుకులందర్నీ మంచం చుట్టూ పిలిచాడు. ఒక్కొక్కరికీ చెప్పాల్సింది చెప్పి, తనను ఎక్కడ పాతిపెట్టాలో కూడా చెప్పాడు. "నా పరుగు కడముట్టించితిని" అని పౌలు తన చావు దగ్గరపడ్డప్పుడు శిష్యుడు తిమోతికి రాశాడు. యేసయ్య సిలువ మీద నుంచే తల్లిని శిష్యుడికి అప్పజెప్పాడు. యూదా రాజు హిజ్కియా సంగతి చూడండి. ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు అన్న కబురు వచ్చింది దేవుడి దగ్గర్నుంచే. ఆయన ఏడ్చి ప్రార్థిస్తే ఇంకో 15 ఏళ్లు దొరికాయి, నిజమే. కాబట్టి స్వస్థత కోసం ప్రార్థన చేయండి, ఇల్లు కూడా చక్కబెట్టుకోండి. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

మరి ఎట్లా చెప్పాలి అని పెద్దబ్బాయి అడిగాడు. చెప్పనక్కర్లేదు, అడగండి అన్నాను. "అమ్మా, నీ మనసులో ఏముంది? మాతో ఏమన్నా చెప్పాలనుందా?" అంతే. ఆమె చెప్పినవి పెద్ద విషయాలేం కావు. చిన్న కోడలికిస్తానన్న కమ్మలు బీరువాలో ఎక్కడున్నాయో చెప్పింది, ఆవును అమ్మొద్దంది, భూస్థాపన రోజు ఏ కీర్తన పాడాలో చెప్పింది. ఆ రోజుతో ఆ గుమ్మం దగ్గర గుసగుసలు ఆగిపోయాయి.

అపోహ: మార్ఫిన్ ఇస్తే ప్రాణం తీసినట్టే. నొప్పి ఓర్చుకుంటేనే సిలువ మోసినట్టు

ఈ మాట వల్ల ఎంతమంది తల్లులు, తండ్రులు పళ్లు బిగబట్టుకుని రాత్రులు గడిపారో చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మార్ఫిన్ అంటే గట్టి నొప్పిని తగ్గించే మందు. క్యాన్సర్ నొప్పికి దాన్ని చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి డాక్టర్ మెల్లగా పెంచుతారు. మామూలు మాత్ర అయితే నాలుగు గంటలకొకసారి. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకముందే గడియారం చూసి వేయాలి. అట్లా లెక్కగా వాడితే అది చావును దగ్గరికి తీసుకురాదు. నొప్పి కోసం వాడేవాళ్లు మత్తుకు బానిసలు కావడం కూడా అరుదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు. చాలామంది విషయంలో అది వారాల తరబడి పట్టని నిద్ర తీర్చుకోవడం కూడా. తగ్గని ఇబ్బంది ఒకటుంది, మలబద్ధకం. అందుకే మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు తోడుగా ఇవ్వాలి. కిడ్నీలు బాగోలేని వాళ్లకు లెక్క మారుతుంది కాబట్టి సొంతంగా మోతాదు పెంచడం, ఉన్నట్టుండి ఆపేయడం రెండూ చేయకూడదు.

"అంత మంచిదైతే మెడికల్ షాపులో ఎందుకు దొరకదు?" అని అడుగుతారు. మత్తు మందుల మీద 1985లో వచ్చిన చట్టం చాలా కఠినంగా ఉండింది. లైసెన్సుల మీద లైసెన్సులు కావాల్సి వచ్చి ఆస్పత్రులే దాన్ని ఉంచుకోవడం మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి కొంత సడలించారు. ఇప్పుడు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో డాక్టర్ చీటీ మీద ఇస్తారు. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణమే. తిరుపతి వాళ్లు చూపించుకుంటున్న క్యాన్సర్ ఆస్పత్రిలోనే పాలియేటివ్ కేర్ గురించి నోరు తెరిచి అడగాలి.

ఇక సిలువ మాట. మురకంబట్టులో ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచర్, మాత్రను చేత్తో పక్కకు నెట్టేసి, "బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే నా ప్రభువు పుచ్చుకోలేదమ్మా" అన్నారు. మార్కు సువార్త 15లో ఉన్న మాటే, నొప్పి తెలియకుండా ఇచ్చేదాన్ని యేసయ్య వద్దన్నాడని ఆయన ఉద్దేశం. నాకు వెంటనే జవాబు రాలేదు. మరుసటి వారం పోయినప్పుడు చెప్పాను: "అయ్యా, ఆయన మన కోసం మోశాడని గదా నమ్ముతున్నాం. మళ్లీ మీరు మోయాలని ఆయన ఎక్కడడిగాడు? ఆ సిలువ మీదే దప్పిక అని కూడా అన్నాడు, చిరక, అంటే పుల్లటి ద్రాక్షరసం, అందిస్తే పుచ్చుకున్నాడు గదా." ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత భార్యను పిలిచి నీళ్లడిగారు. నాలుగో రోజుకు కుర్చీలో కూర్చుని మనవడి చేత కీర్తనలు చదివించుకుంటున్నారు. అంతకుముందు నెల రోజులు నొప్పి వల్ల ఆయన ఒక్క అధ్యాయం కూడా పూర్తిగా వినలేకపోయారని ఆమె చెప్పింది.

క్యాన్సర్ నొప్పికి గడియారం ప్రకారం మందు ఇవ్వాలన్న పద్ధతిని ప్రపంచానికి చూపించిన వాళ్లలో ముఖ్యురాలు సిసిలీ సాండర్స్. మొదట నర్సు, తర్వాత డాక్టర్ అయింది. గట్టి క్రైస్తవ విశ్వాసి. 1967లో లండన్‌లో ఆమె తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆఖరి దశ రోగుల ఆస్పత్రి నుంచే ఈనాటి పాలియేటివ్ కేర్ మొదలైందంటారు. ఒంటి నొప్పితో పాటు మనసు నొప్పి, ఇంటి బాధ, ఆత్మలోని దిగులు అన్నీ కలిసే ఉంటాయని చెప్పింది ఆమే.

అపోహ: నూనె రాసి ప్రార్థన చేయించుకున్నాక మందులు వాడటం అవిశ్వాసం

ఒక స్వస్థత కూటంలో ఎవరో ఇట్లా చెప్పారని, షుగర్ ఇన్సులిన్ ఆపేసి ఆయాసంతో పడిపోయిన తల్లిని చూశాను. సంఘపు పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించుకోమని బైబిల్లో యాకోబు పత్రికలో ఉంది, వైద్యుణ్ణి పంపించేయమని లేదు. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టమన్నది యెషయా ప్రవక్తే. మన ప్రాంతం సంగతే చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ల వాళ్లు క్షయ ఆస్పత్రి తెరిచింది 1912లో. క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. మధ్యలో ముప్పై ఏళ్లు, నయం చేసే మందు చేతిలో లేకుండానే, గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి ఇచ్చి ఆ రోగుల పక్కన నిలబడ్డారు.

అపోహ: తిండి మానేస్తే ఆకలితో చంపినట్టే

ఇది కడుపుకోత ప్రశ్న. అన్నం పెట్టి పెంచిన తల్లి నోరు మూసుకుంటే ఏ బిడ్డా తట్టుకోలేడు. కానీ చివరి రోజుల్లో ఒళ్లే తిండిని వద్దంటుంది. ఆకలి తగ్గిపోతుంది, మింగడం చేతకాదు. బలవంతంగా రాగి జావ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ దశలో సెలైన్ ఎక్కిస్తే చాలాసార్లు కాళ్లవాపు, గొంతులో గురగుర పెరుగుతాయి. ఆ సమయంలో చేయాల్సిన సేవ నోటి దగ్గరుంది. శుభ్రమైన గుడ్డ ముక్క తడిపి, వేలికి చుట్టి, చిగుళ్లు, నాలుక రెండు గంటలకోసారి తుడవండి. పెదాలకు వాసెలిన్ రాయండి.

మా నాయనకు ఆఖరి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం ఇవ్వడానికి మా పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చారు. అప్పటికి రెండు రోజులుగా ఏమీ మింగడం లేదు. నర్సుగా నా గుండె దడదడలాడింది, పొలమారితే? నాయన్ని పక్కకు తిప్పి, తల కింద దిండు ఎత్తు చేశాను. అయ్యగారు రొట్టె విరిచి ఆవగింజంత తుంచి ద్రాక్షరసంలో నానబెట్టారు. నేను దాన్ని చెంచా మొనతో పెదవికి తాకించాను. నాయన నాలుక కొంచెం బయటికొచ్చి ఆ తడిని అందుకుంది. కళ్లు తెరవలేదు. "ఆమెన్" అన్నట్టు పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. తర్వాత తడిగుడ్డతో నోరు తుడిచాను.

ఆ సాయంత్రమే ఎదురింటి అక్క తులసి తీర్థం తెచ్చింది. మా నాయన చేతుల మీద పెరిగిన మనిషి. మా తమ్ముడి మొహం మారిపోయింది. "పొయ్యొద్దక్కా, పొలమారుతుంది. నువ్వొచ్చి నాయన చెయ్యి పట్టుకో" అన్నాను. గిన్నె పక్కన పెట్టి గంటసేపు కూర్చుంది. ప్రేమగా వచ్చిన మనిషితో ఆ మంచం దగ్గర వాదన పెట్టుకోకండి.

అపోహ: చివర్లో కలవరిస్తే, కేకలేస్తే దురాత్మ పట్టినట్టు

రాత్రి పన్నెండింటికి ఫోన్లొస్తాయి. "సిస్టర్, నాన్న దుప్పటి లాగేస్తున్నాడు, లేచి పోతానంటున్నాడు, బూతులు తిడుతున్నాడు. జీవితంలో ఆ మాటలు ఆయన నోట వినలేదు. మోకాళ్ల మీద ఉన్నాం." ప్రార్థన ఆపమని నేను చెప్పను. కానీ ముందు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూడమంటాను. గట్టిగా ఉబ్బి ఉందా? పొద్దుట్నుంచి మూత్రం పోశాడా? మూడు నాలుగు రోజులుగా విరేచనం కాలేదా? జ్వరముందా? చివరి దశలో ఈ కలవరం చాలామందికి వస్తుంది. దీన్ని డెలీరియం అంటారు. మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, ఇన్ఫెక్షన్, కిడ్నీలు పనిచేయకపోవడం, కొన్ని మందులు, ఇవీ కారణాలు. ఒకాయనకు ట్యూబు వేయగానే ముప్పావు లీటరు మూత్రం వచ్చింది. పది నిమిషాల్లో నిద్రపోయాడు. అంతవరకూ ఇంటిల్లిపాదీ ఆయన ఆత్మ రక్షణ గురించే అనుమానపడుతూ ఏడుస్తున్నారు.

కారణం దొరకనప్పుడు కూడా నెమ్మదిపరిచే మందులున్నాయి, డాక్టర్‌ని అడగండి. గదిలో చిన్న లైటు ఉంచండి, ఒక్కరే మాట్లాడండి. తిట్టిన మాటలు ఆ జబ్బువి, మీ నాన్నవి కావు. ఎట్లా పోయాడన్న దాన్ని బట్టి ఎక్కడికి పోయాడని లెక్కగట్టడం నేను ఏ వాక్యంలోనూ చదవలేదు.

ఇంకో సంగతి. స్పృహ లేదు కదా అని మంచం పక్కనే భూస్థాపన ఖర్చులు, స్థలం గొడవలు మాట్లాడుతుంటారు. మాటకు బదులివ్వలేని స్థితిలో ఉన్న కొందరి మెదడు కూడా శబ్దాలకు స్పందిస్తోందని 2020లో కెనడా పరిశోధకులు చూపించారు. కాబట్టి వినబడుతోందనే అనుకోండి. ఇరవై మూడో కీర్తన చదవండి, మెల్లగా, ఒక్క గొంతుతో. ఫోన్లో ప్రసంగం పెద్ద సౌండుతో పెట్టి వదిలేయొద్దు. వాళ్లకు కావాల్సింది మీ గొంతు.

అపోహ: వెంటిలేటర్ వద్దనడం దేవుడిచ్చిన ప్రాణాన్ని తీసుకోవడమే

నయమయ్యే జబ్బుకు వెంటిలేటర్ వరం. ఒళ్లంతా పాకిన జబ్బులో అది చావును పొడిగిస్తుంది, అంతే. చివరి దశలో నాకు ఇది వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. తల్లిదండ్రులకు తెలివి బాగున్నప్పుడే ఈ మాట మాట్లాడుకుంటే, అర్ధరాత్రి ఐసీయూ తలుపు ముందు అన్నదమ్ములు పోట్లాడుకునే అవసరం రాదు.

అపోహ: విశ్వాసులు ఏడవకూడదు

"యేసు కన్నీళ్లు విడిచెను." చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా. ఏడవండి.

అపోహ: "తీసుకుపో ప్రభువా" అని ప్రార్థించడం పాపం

ఈ ప్రశ్న నాతో ఎవరూ ఇంట్లో అడగరు. గేటు దాకా సాగనంపడానికి వచ్చి, చెప్పుల వైపు చూస్తూ అడుగుతారు. నేనూ చేశాను ఆ ప్రార్థన. బుధవారం తెల్లవారుజామున నాయన శ్వాస ఆగి ఆగి వస్తుంటే, ఇంకొక్కసారి వస్తుందేమోనని ఎదురుచూసి ఎదురుచూసి, ఇక చాలయ్యా అన్నాను. ఏడింటికి పోయాడు. నా నోటి మాటే ఆయన్ని పంపేసిందన్న దిగులు చాలా నెలలు నన్ను వదల్లేదు. పసి యేసయ్యను ఎత్తుకున్న ముసలి సుమెయోను, నీ దాసుణ్ణి సమాధానంతో పోనివ్వమన్నట్టు మాట్లాడింది కూడా దేవుడితోనే అని మా అయ్యగారు గుర్తుచేశాక కొంచెం తేలికైంది.

సేవ చేసి చేసి అలిసిపోయిన వాళ్లకు నేను ఏలీయా ప్రవక్త కథ చెబుతాను. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు చెట్టు కింద పడుకుని. దేవుడు ఆయనకు అప్పుడు వాక్యం చెప్పలేదు, గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు.

మా అమ్మ నాలుగు నెలలు సరిగ్గా పడుకోలేదు. భూస్థాపన అయిన మరుసటి రోజు మధ్యాహ్నం మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఇద్దరం కలిసి లెక్కపెట్టాం, పద్నాలుగు. అవి ఆస్పత్రికి తిరిగి అప్పజెప్పాలి, ఇంట్లో ఉంచకూడదు. లెక్క కాగితం మీద రాసిచ్చి అమ్మ, నాయన పడుకున్న మంచం మీదే ఒరిగింది. ఎదురింటి అక్క చారన్నం తెచ్చి మూతపెట్టి పోయింది. సాయంత్రం సంఘం వాళ్లు ప్రార్థనకొచ్చారు. అమ్మను లేపుతానని ఒక పెద్దమ్మ లోపలికి పోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అందరికీ బయట వరండాలో చాపలు పరిచి, గొంతు తగ్గించి పాడమన్నాను.