గోవా వేసిన ప్రశ్నలు ఇప్పుడు మన వంతు: విదేశీ రిసార్ట్ సెలవుల వెనక కథ

ఏప్రిల్‌లో బెంగళూరు బడులకు సెలవులిచ్చేసరికి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్లుండే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో శ్రీలంక, మాల్దీవులు, బాలి, ఫుకెట్ ప్యాకేజీల బేరాలు జోరుగా సాగుతుంటాయి. నాలుగు రాత్రులు, పొద్దున టిఫిను, ఎయిర్‌పోర్టు నుంచి వ్యాను, పిల్లలకు అదనపు మంచం ఉచితం. మన మధ్యతరగతికి ఇది కొత్త అలవాటే. దేశం దాటే మనిషి చేతికి 8 డాలర్లిచ్చి పంపిన కాలం మన పెద్దవాళ్లకు తెలుసు. 2004లో రిజర్వు బ్యాంకు ఏడాదికి 25 వేల డాలర్ల దాకా బయటికి పంపుకోనిచ్చింది. 2015లో ఆ పరిమితి రెండున్నర లక్షల డాలర్లయింది. ఈలోగా 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరుచుకుంది. ఇప్పుడు రైల్లో విజయవాడ చేరే సమయంలో కొలంబో వెళ్లి తిరిగి రావచ్చు.

ఈ ప్రయాణాలు న్యాయమైనవేనా, పిల్లలకు క్షేమమేనా అన్న చర్చ మాత్రం పాతది. దాన్ని మన దేశంలో గట్టిగా నడిపిన ఊళ్లలో బెంగళూరు ఒకటి. పర్యాటకం వల్ల స్థానికులకు ఏం దక్కుతోంది, ఏం పోతోంది అని లెక్క తీసే ఈక్వేషన్స్ సంస్థ 1985లో ఇక్కడే ఏర్పడింది. అప్పటి చర్చలో పేద దేశం మనది. రిసార్టులకు వచ్చేవాళ్లు జర్మన్లు, ఇంగ్లిషువాళ్లు.

గోవాకు చార్టర్ విమానాలు మొదలైన రోజులవి. 1987లో జర్మనీ నుంచి వచ్చిన యాత్రికుల మీద అక్కడి ఉద్యమకారులు పేడ విసిరారు. పద్ధతి మొరటుదే. ఫిర్యాదులు మాత్రం చాలా నిర్దిష్టంగా ఉన్నాయి: పెద్ద హోటళ్ల బోర్లతో ఊరి బావులు ఎండుతున్నాయి, వల లాగే జాలరులకు తీరానికి దారి మూసుకుపోతోంది, ఊళ్లో కుళాయి రాని రోజున కూడా హోటల్లో ఈతకొలను నిండుతోంది. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలు వద్దని 1981లోనే ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. దానికి చట్టబలం రావడానికి 1991 నాటి తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది మడగావ్‌లో అనాథాశ్రమం పేరుతో పిల్లల్ని లైంగిక దోపిడీకి విదేశీయులకు అప్పగిస్తున్న ఫ్రెడ్డీ పీట్స్ దొరికిపోయాడు. 1996లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. అనాథాశ్రమం బోర్డు చూడగానే చందా పుస్తకం అడిగే మన అలవాటుకు ఆ కేసు పెద్ద హెచ్చరిక. దాన్ని ఇప్పుడు తలచుకునేవాళ్లు తక్కువ.

ఊరికి దూరంగా గోడ కట్టి, లోపల అన్నీ దొరికేలా చేసే రిసార్టు పద్ధతి యూరప్‌లో పుట్టింది. 1950లో స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో గెరార్డ్ బ్లిట్జ్ డేరాలతో మొదలెట్టిన క్లబ్ మెడ్ దానికి నమూనా. తిండి, ఆట, పడక అన్నిటికీ ఒకే రుసుము ముందే కట్టేయాలి. లోపల డబ్బు చేతులు మారదు, కాబట్టి బయటి దుకాణానికి వెళ్లే పని కూడా పడదు. 1970ల్లో ఈ నమూనా ప్రభుత్వాల ప్రణాళికగా మారింది. బాలిలో ప్రపంచ బ్యాంకు సాయంతో నూసా దువాను ఎంచుకున్నారు. యాత్రికుల్ని ద్వీపం కొసన ఉంచితే ఊళ్ల సంస్కృతి చెడదన్నది 1971 నాటి ఫ్రెంచి సలహాదారుల వాదన. ఆలోచన మంచిదే కావచ్చు, దాంతో ఖర్చు కూడా ఆ కొసనే ఆగిపోయింది.

మాల్దీవుల్లో ఇది ఇంకా తీవ్రం. 1972లో కురుంబా రిసార్టుతో మొదలైన పరిశ్రమ జనం లేని దీవులకే పరిమితమైంది. మనుషులుండే దీవుల్లో అతిథి గృహాలు నడపడానికి దారి తెరుచుకుంది 2009 తర్వాతే. దాని ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. రిసార్టు సిబ్బంది ఇంటికి దూరంగా ఆ దీవిలోనే బస చేయాలి. కుటుంబాన్ని వదిలి ఉండలేక స్థానిక మహిళలు ఈ ఉద్యోగాల్లో బాగా తక్కువ. గదులు తుడిచేవాళ్లలో, వంటగది పనివాళ్లలో బంగ్లాదేశ్, శ్రీలంక, భారతదేశం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కూరగాయలు, బియ్యం, కోడిమాంసం దాదాపు అన్నీ ఓడల్లో, విమానాల్లో రావాల్సినవే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఒక అంచనా చెప్పింది: సంపన్న దేశపు యాత్రికుడు సెలవు మీద పెట్టే ప్రతి 100 డాలర్లలో పేద దేశంలో మిగిలేది 5 డాలర్లే. మిగతాది విమాన సంస్థకు, విదేశీ హోటల్ యాజమాన్యానికి, దిగుమతులకు పోతుంది. ఈ అంకెను ప్రతి రిసార్టుకూ కొలబద్దగా వాడటం సరికాదు. విమాన ఛార్జీ కూడా కలిసిన మొత్తమది, దేశాన్ని బట్టి చాలా మారుతుంది. కానీ డబ్బు ఎటు కారుతోందో అది చూపే దిక్కు నిజమే. మాఫుషి లాంటి ఊరి దీవిలో ఉంటే గది అద్దె నేరుగా స్థానికుడికి చేరుతుంది. అక్కడి నియమాలు ముందే తెలుసుకుని వెళ్లాలి: మద్యం దొరకదు, ఈత దుస్తులు వాటికి కేటాయించిన తీరంలోనే, శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీ నడవదు.

2004 సునామీ తర్వాత శ్రీలంక ప్రభుత్వం దక్షిణ, పశ్చిమ తీరాల్లో 100 మీటర్లు, ఉత్తర, తూర్పు తీరాల్లో 200 మీటర్ల మేర ఇళ్లు తిరిగి కట్టుకోవద్దంది. జాలరులకు ఆ నిబంధన వర్తించింది, హోటళ్లకు మినహాయింపు దొరికింది. నిరసనలొచ్చాక దాన్ని సడలించారు. తూర్పు తీరంలోని అరుగంబే వైపు వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే, తీరంలో పడవ ఆపుకునే జాగా గురించి హోటలుకూ ఊరికీ మధ్య వచ్చే గొడవలు అర్థమవుతాయి.

గోడ లోపల ఉన్నాం కదా, క్షేమమే అనుకోవడం ఈ పద్ధతి అమ్మే రెండో సరుకు. దాని వెనక కూడా చరిత్ర ఉంది. 1990లో యూరప్ దేశాలు ప్యాకేజీ టూర్ల మీద ఉమ్మడి ఆదేశం తెచ్చాయి. దూరదేశపు హోటల్లో జరిగిన లోపానికి కూడా ప్యాకేజీ అమ్మిన కంపెనీ సొంత దేశంలో జవాబు చెప్పాలి. దాంతో ఆ కంపెనీలు హోటళ్లకు తనిఖీ మనుషుల్ని పంపడం మొదలెట్టాయి: గ్యాస్ గొట్టాలు, బాల్కనీ కమ్మీలు, కొలను అడుగు జాలీ, మంటల అలారం. అయినా 2006లో గ్రీసులోని కోర్ఫు హోటల్లో చెడిపోయిన వాటర్ బాయిలర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కు ఇద్దరు బ్రిటిష్ పిల్లలు చనిపోయారు. తనిఖీ ఉన్నచోటే ఇలా జరిగితే, తనిఖీ అడిగేవాడే లేని ప్యాకేజీల సంగతి వేరే చెప్పాలా. యూరప్ కంపెనీలతో ఒప్పందం ఉన్న రిసార్టుకు తరచుగా ఏటా తనిఖీ ఉంటుంది. ఏజెంటును ఈ ఒక్క ముక్క అడిగితే చాలా తెలుస్తుంది: చివరి భద్రతా తనిఖీ ఎవరు చేశారు, ఎప్పుడు?

మనకు దగ్గరి ఉదాహరణ నేపాల్‌ది. 2020 జనవరిలో మకవాన్‌పూర్ జిల్లా దామన్‌లోని రిసార్టులో కేరళ నుంచి వచ్చిన ఎనిమిదిమంది ఒకే గదిలో నిద్రపోయి చనిపోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు. చలికి గ్యాస్ హీటర్ వెలిగించి, కిటికీలు, తలుపు గట్టిగా మూసుకున్నారు. బెంగళూరులో గ్యాస్ గీజర్ ఉన్న స్నానాలగదుల్లో జరిగే చావులకూ కారణం ఇదే. మూసిన గదిలో గ్యాస్ మండేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. తగ్గేకొద్దీ మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే ప్రయాణంలో తిన్నది పడలేదనుకుని పడుకుంటారు, అక్కడే ప్రాణం పోతుంది. గదిలో ఒకరి కంటే ఎక్కువమందికి ఒకేసారి తలనొప్పి వస్తే ముందు బయటికి రావాలి, కారణం తర్వాత వెతకొచ్చు. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ ఉన్న గదిలో నిద్రపోకూడదు. ఆరుబయట వాడే గొడుగు హీటర్ గదిలోకి తెస్తామంటే వద్దనాలి. బ్యాటరీతో నడిచే చిన్న అలారం సూట్‌కేసులో పడుతుంది. మంచం దగ్గర, తలగడ ఎత్తున పెట్టాలి.

కొలనులో చూడాల్సింది అడుగున ఉన్న జాలీ. పంపు నీటిని పీల్చేది అక్కడి నుంచే. మూత విరిగితే, లేదా పంపుకు ఒకే రంధ్రం ఉంటే, పిల్లల జుట్టు, చేయి, పొట్ట దానికి అతుక్కుపోతాయి. పెద్దవాళ్లు లాగినా రావు. అందుకే 2007లో అమెరికా చట్టం చేసి, చిక్కుపడని మూతల్ని తప్పనిసరి చేసింది. ఒకే పంపుకు రెండు రంధ్రాలుంటే కనీసం 3 అడుగుల ఎడం ఉండాలంది. పేద దేశాల్లో ఇలాంటి చట్టం ఉన్నా అమలు చేసేవాడు దొరకడు. గట్టు మీద నిలబడితే అడుగు జాలీ స్పష్టంగా కనబడాలి. నీళ్లు మసగ్గా ఉండి అది కనబడకపోతే ఆ కొలనులోకి ఎవరూ దిగకూడదు. పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో మొదటిరోజే అడిగి పెట్టుకోవాలి. బాల్కనీ కమ్మీల మధ్య 10 సెంటీమీటర్లు మించితే చిన్నపిల్ల తల దూరుతుంది. కుర్చీ, బల్ల లోపలికి జరిపేయాలి, పిల్లలు ఎక్కేది వాటి మీదే.

సముద్రం విషయంలో మన క్యాలెండరే మనకు శత్రువు. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులతో బెంతోట, హిక్కడువ, మిరిస్స వైపు శ్రీలంక తీరం పోటెత్తి ఉంటుంది. ఫుకెట్ పడమటి తీరంలో అక్టోబరు దాకా ఎర్ర జెండాలే. ప్యాకేజీలు చవకవడం అప్పుడే. అదే నెలల్లో శ్రీలంక తూర్పున త్రికోణమలై, పాసికూడ ప్రశాంతంగా ఉంటాయి. ఏజెంటు చూపే బొమ్మలో కనబడేది మాత్రం ఎప్పుడూ జనవరి సముద్రమే. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం, ఉన్నచోట అలలు విరగవు. రెండు నురగ పట్టీల మధ్య ముదురు రంగు నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. పిల్లల్ని దింపడానికి ఇదే మంచి చోటని తల్లిదండ్రులు సరిగ్గా దాన్నే ఎంచుకుంటారు. లాక్కుపోతే ఒడ్డు వైపు ఈదకూడదు. తేలుతూ చేయెత్తి పిలవాలి, లేదా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం దాటాలి. అపార్ట్‌మెంట్ కొలనులో నేర్చిన ఈత దీనికి సరిపోదు.

మాల్దీవుల్లో సీప్లేన్లు పగలే ఎగురుతాయి. రాత్రి పిల్లవాడికి ఫిట్స్ వస్తే స్పీడ్‌బోటే దిక్కు. రాజధాని మాలేకు రాత్రిపూట ఎంతసేపు పడుతుంది, దీవిలో డాక్టరు ఉన్నారా, ఆక్సిజన్ సిలిండర్ ఉందా అన్నవి గది బుక్ చేసే ముందే రాతపూర్వకంగా అడగాలి.

బాలిలో 2008 దాకా రేబిస్ లేదు, ఆ ఏడాది వచ్చింది, ఇంకా పోలేదు. ఉలువాటు, ఉబుద్ గుళ్ల దగ్గర కోతులు కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుంటూ కరుస్తాయి. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. టీకా మొదటి మోతాదు ఆ రోజే పడాలి. చర్మం చీలి రక్తం వస్తే, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా కావాలి, అది చిన్న క్లినిక్‌లలో దొరకదు. ఇంటికెళ్లాక చూద్దాం అనే మాట ఇక్కడ పనికిరాదు.

పెద్దవాళ్ల సంగతీ చెప్పాలి. 2009లో బాలిలో అరక్ అనే నాటుసారా కల్తీది తాగి పాతికమంది దాకా చనిపోయారు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యానికి ఆరుగురు విదేశీ యాత్రికులు పోయారు. సీలు తీయని సీసా తప్ప, గ్లాసులో కలిపి ఉచితంగా ఇచ్చేది ముట్టకపోవడం మేలు.

ఇక పిల్లల్ని చూడబోయే పర్యటనలు. కంబోడియాలో 2005 తర్వాతి అయిదేళ్లలో అనాథాశ్రమాలు దాదాపు 75 శాతం పెరిగాయి. అందులోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ పరిశీలన చెప్పింది. చందాలిచ్చే యాత్రికులు వస్తున్నారు కాబట్టే ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి చూపించారు. పర్యాటకంలో పిల్లల లైంగిక దోపిడీ మీద పోరాడే ఎక్‌పాట్ సంస్థ 1990లో థాయిలాండ్‌లో మొదలైంది. హోటళ్లు, టూర్ కంపెనీలు సిబ్బందికి శిక్షణ ఇచ్చి సంతకం చేసే పిల్లల రక్షణ నియమావళి (కోడ్) 1998లో వచ్చింది. ప్యాకేజీలో అనాథాశ్రమం, బడి సందర్శన ఉంటే తీసేయమనాలి. పుట్టినరోజుకు అక్కడ అన్నదానం చేద్దామని మనవాళ్లకు తోస్తుంది. ఆ డబ్బును కుటుంబాల దగ్గరే పిల్లల్ని పెంచే సంస్థలకు ఇవ్వడం న్యాయం. శ్రీలంకలో అనుమానం కలిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1929.

చివరికి కాగితాలు. యూరప్ లాంటి ప్యాకేజీ చట్టం మనకు లేదు. టూర్ ఆపరేటర్లకు పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు కూడా స్వచ్ఛందమే. ఉన్న ఆధారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అది ఒక మంచి పని చేసింది: ఏజెంటు ఎక్కడున్నా, మీరు నివసించే బెంగళూరులోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. ఏజెంట్లు టికెట్టుకు ఒకటి, హోటలుకు ఒకటి, వ్యానుకు ఒకటి విడివిడిగా బిల్లులిస్తారు. రేపు గొడవైతే మేం బుకింగ్ చేసి పెట్టామంతే అనడానికి. హోటల్ పేరు, గది రకం, భోజనం, రవాణా అన్నీ ఉన్న ఒకే ఇన్‌వాయిస్ అడిగి తీసుకోవాలి. విరిగిన జాలీ ఫొటో తీసి అదే రోజు ఈ-మెయిల్ పెడితే తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. జాతీయ హెల్ప్‌లైన్ 1915. కారణం పుట్టిన నాటి నుంచి ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.