తప్పు ఎవరిదో మొహం చూసి చెప్పగలమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గొడవతో పాటు తీర్పు కూడా వెంట తెచ్చుకుంటారు, "వాడి గుణమే అంత మేడమ్" అని. గుణం సంగతి నిజమే, కానీ తప్పు పట్టేవాళ్లకూ ఒక గుణం ఉంటుంది కదా!

అపోహ: గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడే దొంగ.

వాస్తవం: నాకు రోజూ పేచీ ఈ సామెతతోనే. ఊరికే ఆందోళనపడే స్వభావం ఉన్నవాళ్లు, అంటే మేం న్యూరోటిసిజం ఎక్కువ అనేవాళ్లు, తమది కాని తప్పును కూడా నెత్తినేసుకునే అవకాశం ఎక్కువ. పంచాయితీలో పెద్దమనిషి ఒక్కమాట గట్టిగా అడిగితే చాలు, చెమటలు పడతాయి, నోట్లోంచి మాట రాదు, చివరికి క్షమాపణ కూడా చెప్పేస్తారు. నేనే గొప్ప అనుకునే మనిషి తప్పు తనదైనా తాపీగా కూర్చుని ఎదుటివాళ్ల మీదికి తోసేస్తాడు. చూసేవాళ్లకు ఎవరు దొంగలా కనిపిస్తారో చెప్పక్కర్లేదు. రోనీ జానాఫ్-బుల్మన్ అనే సైకాలజిస్టు 1979లో స్వీయనిందను రెండుగా విడదీశారు: "నేను చేసిన పని తప్పు" ఒకటి, "అసలు నేనే మంచిదాన్ని కాదు" ఇంకొకటి. మొదటిది అన్నవాళ్లు పని మార్చుకోగలరు, రెండోది వింటేనే నాకు టెన్షన్.

అపోహ: నష్టం ఎంత పెద్దదో తప్పు అంత పెద్దది.

వాస్తవం: పత్తి ఏరే కూలీల ఆటో చేలోకి దూసుకెళ్లి ఎవరికీ ఏమీ కాకపోతే డ్రైవర్‌ని నాలుగు తిట్టి వదిలేస్తారు, ప్రాణం పోతే అదే డ్రైవర్, అదే స్పీడు, కానీ కొట్టడానికి పోతారు. 1966లో ఎలైన్ వాల్‌స్టర్ అనే సైకాలజిస్టు ఇలాంటిదే పరీక్షించారు. ఆపి ఉంచిన కారు వాలులో జారిపోయిందన్న కథలో, నష్టం ఎక్కువని విన్నవాళ్లు యజమానిని ఎక్కువ తప్పుపట్టారు. తర్వాతి ప్రయోగాల్లో ప్రతిసారీ ఇది అంత బలంగా రాలేదు.

అపోహ: ఎక్కడివాళ్లయినా గుణం చూసే తప్పు తేలుస్తారు.

వాస్తవం: ఎదుటివాళ్లు చేసిన పనికి కారణం ఏం చెప్తారో 1984లో జోన్ మిల్లర్ అనే సైకాలజిస్టు పోల్చి చూస్తే అమెరికా పెద్దవాళ్లు గుణాన్ని ఎక్కువ చెప్పారు, మైసూరు పెద్దవాళ్లు పరిస్థితిని ఎక్కువ చెప్పారు, చిన్నపిల్లల్లో మాత్రం పెద్దగా తేడా లేదు. మరి మనం? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!

అపోహ: మెత్తని మనిషి న్యాయంగా చెప్తాడు.

వాస్తవం: త్వరగా క్షమిస్తాడు, అంతే. ఎవరి వాటా ఎంతో తేల్చడం వేరే పని. దానికి నేను ముందు అడిగేది అప్పుడు ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏం తెలుసు, ఎవరి చేతిలో ఏముంది అని. గుణాల పురాణం ఆ తర్వాత వింటాను.