ఫలక్‌నుమా ఎఫ్‌ఐఆర్ వెనుక లాహోర్ తీర్పు: మనోభావాల సెక్షన్ నడిచొచ్చిన దారి

2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ పాతబస్తీలోని ఫలక్‌నుమా పోలీసు స్టేషన్‌లో ఒక మలయాళ సినిమా పాట మీద ఎఫ్‌ఐఆర్ నమోదయింది. కథానాయిక కన్నుగీటుతో అప్పటికే దేశమంతా చూసేసిన పాట అది. ప్రవక్త ప్రస్తావన ఉన్న పాటను అలాంటి దృశ్యంతో చిత్రీకరించడం ముస్లింల మనోభావాలను గాయపరిచిందని ఫిర్యాదు. నిజానికి ఆ పాట మలబారు ముస్లింలు దశాబ్దాలుగా పాడుకుంటున్నదే. ప్రవక్త మహమ్మద్, ఖదీజాల వివాహాన్ని కీర్తించే పాట. సుప్రీంకోర్టు ఆ నెలలోనే స్టే ఇచ్చి, ఆగస్టు 31న ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది. ఆరు నెలల్లో తేలిపోయింది కదా అనిపించవచ్చు. కానీ ఢిల్లీ దాకా వెళ్లి పెద్ద వకీళ్లను పెట్టుకోగలిగినవాళ్లకే అంత త్వరగా తేలుతుంది.

భక్తితో పుట్టిన పాటను కూడా నేరం కింద చూపగలిగిన ఆ సెక్షన్, మతాన్ని, మత విశ్వాసాలను అవమానించడాన్ని శిక్షించే భారత శిక్షాస్మృతిలోని 295-ఎ. దాన్ని చాలామంది దైవదూషణ చట్టం అంటారు. చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు, లేకపోవడానికి కారణం ఉంది. ఇంగ్లండులో దైవదూషణ నేరం ఒక్క క్రైస్తవానికే కవచంగా ఉండేది. 2008లో అక్కడ దాన్ని రద్దు చేశారు. 1837లో భారతదేశానికి శిక్షాస్మృతి ముసాయిదా రాసిన మెకాలే ఆ దారిలో పోలేదు. 1860లో చట్టమైన స్మృతి ప్రార్థనాలయాలను, మత సమావేశాలను, శ్మశానాలను కాపాడింది. ఎదుటి మనిషిని నొప్పించాలనే ఉద్దేశంతో అతనికి వినపడేలా మాట్లాడటాన్ని 298వ సెక్షన్ కింద నేరం చేసింది. అచ్చయిన పుస్తకం జోలికి మాత్రం వెళ్లలేదు.

ఆ ఖాళీ 1924లో లాహోర్‌లో బయటపడింది. ఆర్యసమాజీయులకు, ముస్లిం మతప్రచారకులకు మధ్య కరపత్రాల యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ప్రవక్త దాంపత్య జీవితాన్ని ఎగతాళి చేస్తూ ఒక చిన్న పుస్తకం వెలువడింది. రచయిత పేరు లేదు. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద 153-ఎ కింద కేసు నడిచింది, కింది కోర్టులు శిక్ష వేశాయి. 1927లో లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ ఆ శిక్షను రద్దు చేశారు. ఆ పుస్తకం ద్వేషంతో రాసినదేనని ఆయన ఒప్పుకున్నారు. కానీ 153-ఎ వర్గాల మధ్య వైరం రేపడాన్ని ఆపడానికి ఉద్దేశించినదే తప్ప, గతించిన మతనాయకుడి జీవితంపై విమర్శను ఆపడానికి కాదన్నారు. పంజాబ్ అట్టుడికింది. కొన్ని నెలల్లోనే, సెప్టెంబరులో, కేంద్ర శాసనసభ 295-ఎను ఆమోదించింది.

ఆ బిల్లును పరిశీలించిన సెలెక్ట్ కమిటీలో జిన్నా కూడా ఉన్నారు. చట్టాన్ని సమర్థిస్తూనే, చరిత్ర రాసేవారికి, సత్యాన్వేషణ చేసేవారికి, మతాన్ని నిజాయితీగా విమర్శించేవారికి రక్షణ ఉండాలని ఆయన సభలో పట్టుబట్టారు. అందుకే ఆ సెక్షన్‌లో 'ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో' అనే రెండు షరతులూ కలిసి ఉండాలి. ఒకటి ఉంటే చాలదు. తొంభై ఏళ్లకు పైగా పౌరుడికి మిగిలిన రక్షణ ఆ రెండు మాటలే.

చట్టం వచ్చినా రాజ్‌పాల్ ప్రాణం నిలవలేదు. 1929 ఏప్రిల్ 6న ఇల్ముద్దీన్ అనే యువకుడు ఆయనను పొడిచి చంపాడు. ఆ యువకుడిని అదే ఏడాది అక్టోబరు 31న ఉరితీశారు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ సెక్షన్ రాజ్యాంగానికి ఎదురు నిలవగలదా అన్న ప్రశ్న వచ్చింది. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నిలుస్తుందని చెప్పింది. ద్వేషబుద్ధితో చేసిన అవమానానికే ఇది వర్తిస్తుందనీ, అలాంటి అవమానం శాంతిభద్రతలను చెదరగొట్టేదేననీ కోర్టు తర్కం. నిజంగా అల్లరి జరిగిందా, జరిగే ప్రమాదం ఉందా అని ఒక్కో కేసులో చూడనక్కర్లేకుండా పోయింది. నా దృష్టిలో పునాది లోపం అక్కడే ఉంది.

మరుసటి ఏడాది వచ్చిన తీర్పు హైదరాబాదీలకు కళ్లకు కట్టేది. 1953లో పెరియార్ రామస్వామి తిరుచిరాపల్లిలో బహిరంగంగా మట్టి వినాయకుడిని పగలగొట్టారు. అది గుడిలోని విగ్రహం కాదు కాబట్టి, పవిత్ర వస్తువుల ధ్వంసాన్ని నేరం చేసే 295వ సెక్షన్ కింద పవిత్ర వస్తువు కాదని కింది కోర్టులు అన్నాయి. చవితికి ముందు ధూల్‌పేటకు వెళ్తే ఈ చిక్కు ఏమిటో తెలుస్తుంది: రంగు వేయని బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి, తొండం విరిగితే కళాకారుడే దాన్ని పక్కన పడేస్తాడు, అదే బొమ్మ మండపం ఎక్కితే మొక్కుతాం. సుప్రీంకోర్టు 1958లో కింది కోర్టులను తప్పుపట్టింది. ప్రతిష్ఠ జరిగిందా లేదా అన్నది కాదు, ఒక వర్గం దాన్ని పవిత్రంగా భావిస్తోందా అన్నదే ప్రశ్న అంది. అయితే ఐదేళ్లు గడిచిపోయాయంటూ పెరియార్ మీద విచారణను తిరిగి తెరవలేదు. ఏది పవిత్రమో తేల్చే కొలబద్ద మాత్రం ఆనాటి నుంచి నమ్మేవారి చేతికి వెళ్లింది.

1961లో శిక్షను రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచారు. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, నాన్‌బెయిలబుల్ నేరం. కోర్టు కేసును విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి; ఎఫ్‌ఐఆర్‌కు, అరెస్టుకు మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. అంటే వడపోత అంతా చివర్లో ఉంది, దెబ్బ ముందే తగులుతుంది. ఒక పత్రిక ముఖచిత్రంపై విష్ణుమూర్తి రూపంలో కనిపించినందుకు క్రికెటర్ ధోనీకి అనంతపురం కోర్టు వారెంటు జారీ చేసింది. ద్వేషబుద్ధి లేనిదే నేరమే లేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పేదాకా అది తెగలేదు.

మన నగరంలో పోలీసులు ఈ సెక్షన్ దగ్గరే ఆగలేదు. 2018 జులైలో రాముడిపై వ్యాఖ్యలకు కత్తి మహేశ్‌ను, రెండు రోజుల తేడాతో ఆయనకు వ్యతిరేకంగా కదిలిన పరిపూర్ణానంద స్వామిని ఆరేసి నెలలు నగరం నుంచి బహిష్కరించారు. 2022 ఆగస్టులో ప్రవక్తపై వీడియో పెట్టిన గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను అరెస్టు చేస్తే, నిబంధనల ప్రకారం నోటీసు ఇవ్వలేదని నాంపల్లి కోర్టు అదే రోజు వదిలేసింది. పాతబస్తీ రోడ్డెక్కింది, రెండు రోజుల్లో పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) ప్రయోగించారు, నవంబరు 9న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వీడియో వల్ల బాధపడిన మనిషి బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక వర్గం మీదకు మరో వర్గాన్ని ఉసిగొల్పడాన్ని శిక్షించడానికి 153-ఎ ఉంది, కొత్త శిక్షాస్మృతిలో ఇప్పుడది 196వ సెక్షన్. పక్కింటి మనిషి భద్రతను ప్రభుత్వం కాపాడాలి. అతని నమ్మకం ప్రశ్నకు అతీతంగా ఉండేలా కాపాడే బాధ్యత మాత్రం పలు మతాలున్న ప్రజాస్వామ్యంలో ప్రభుత్వానికి ఉండకూడదు. ఎందుకంటే ఇక్కడ ఒక మతం మూలసూత్రమే మరో మతానికి అభ్యంతరం కావచ్చు.

ఇదే శిక్షాస్మృతిని వారసత్వంగా పొందిన పాకిస్తాన్ 1982లో ఖురాన్‌ను అపవిత్రం చేయడంపై 295-బి, 1986లో ప్రవక్తను దూషించడంపై 295-సి చేర్చింది, చివరిదానికి మరణశిక్ష. ఆ చట్టాన్ని మార్చాలన్న పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరిలో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆయన అండగా నిలిచిన ఆసియా బీబీ అనే క్రైస్తవ మహిళ, ఎనిమిదేళ్లు మరణశిక్ష నీడన గడిపాక, 2018లో నిర్దోషిగా విడుదలైంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 295-ఎ 299వ సెక్షన్‌గా మారింది. ఎలక్ట్రానిక్ మాధ్యమాలను చేర్చారు. ఎఫ్‌ఐఆర్‌కు ముందే అనుమతి కావాలన్న నిబంధనను చేర్చలేదు. నిజాయితీ గల విమర్శకు సూటిగా మినహాయింపునిచ్చే వాక్యం 1927లో రాలేదు, ఈసారీ రాలేదు.